పిన్నిగారు చదివిన ముగింపు

హాస్టల్లో పిల్లలకి ఇడ్లీలు వడ్డిస్తుండగా అమ్మ ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు అమ్మ ఎప్పుడూ ఫోన్ చెయ్యదు, పనిలో ఉంటుంది. "పిన్నిగారు వెళ్ళిపోయేరమ్మా," అంది. "మజ్జిగ తాగి పడుకున్నారంట. తెల్లారి లేపితే లేవలేదంట." నేను "అలాగా" అన్నాను. వరసలో నిలబడ్డ పిల్ల "మేడం, చట్నీ" అంటే వేశాను. ఈ మధ్య నాకు దుఃఖం కూడా వెంటనే రావడం లేదు, దానికంటే ముందు అలసట వచ్చి కూర్చుంటోంది. అమలాపురంలో బస్సెక్కి, కొత్తపేట దాటాక ఏడ్చాను.

ఈ పిన్నిగారు మీలో ఎవరికీ తెలియదు. పేపర్లో ఫొటో పడే మనిషి కాదు. నాకు చుట్టం కూడా కాదు. ఆత్రేయపురంలో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల, కొబ్బరితోటలో డాబా ఇల్లు వాళ్ళది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఆవిడ పిన్నిగారే, వయసులో ఆవిడకంటే పెద్దవాళ్ళకి కూడా. మా అమ్మ పూతరేకుల పాకలో రేకులు తీసేది, ఇప్పటికీ తీస్తోంది. పిన్నిగారు మధ్యాహ్నాలు ఆ పాకకొచ్చి అక్కడివాళ్ళకి నవలలు చదివి వినిపించేవారు. ఆవిడ గురించి రాయడానికి నా దగ్గరున్నది అంతే. అది నాకు చాలా ఎక్కువ.

రేకు తీయడం చూడనివాళ్ళ కోసం చెబుతాను. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగితే రెప్పపాటులో కాగితం కంటే పల్చని రేకు లేస్తుంది. ఫ్యాన్ వేస్తే రేకులన్నీ ఎగిరిపోతాయి, అందుకని పాకలో ఫ్యాన్ ఉండదు. పొగ, ఉక్కపోత, నడుం నొప్పి. చేతులు ఎప్పుడూ పిండితో తడిగా ఉంటాయి కనక పుస్తకం ముట్టుకునే యోగం అక్కడ ఎవరికీ లేదు. చదువు రానివాళ్ళూ, మా అమ్మలా కూడబలుక్కుని చదవగలిగినవాళ్ళూ, అందరూ చెవులప్పగించాల్సిందే.

పిన్నిగారు గుమ్మం దగ్గర ఎత్తుపీట మీద కూర్చునేవారు. గీతల చీర, మెడలో తువ్వాలు, ముక్కు మీదికి జారిపోయే కళ్ళజోడు. వాక్యం కింద వేలు పెట్టి, నింపాదిగా చదివేవారు. ఎవరైనా "తరవాతేమైందండీ, తొందరగా కానివ్వండి" అంటే, "నేను తొందరపడితే మీ చేతులు కాలతాయి" అనేవారు. పొద్దు వాలేదాకా ఎవరూ లేవకపోతే పుస్తకం మూసి, "కథలో వాళ్ళకి ఆకలెయ్యదు, మీకేస్తుంది, ఇంక లేవండి" అనేవారు. చిరిగిపోయిన రేకు ముక్క ఒకటి అడిగి తీసుకుని, చదివినంతవరకూ గుర్తుగా ఆ పేజీలో పెట్టుకునేవారు. ఆవిడ పుస్తకాలన్నిట్లోనూ ఆ రేకు ముక్కలుండేవి.

వాళ్ళాయనకి నవలలంటే గిట్టదు. ఆయన్ని మేం బాబాయిగారు అనేవాళ్ళం. ఆడవాళ్ళు నవలలు చదివితే ఇల్లు గుల్లవుతుందని ఆయన గట్టి నమ్మకం. అందుకని పిన్నిగారు "రేకులు తెచ్చుకొస్తానండి" అని చెప్పి స్టీలు డబ్బా పట్టుకుని బయల్దేరేవారు. వచ్చేటప్పుడు డబ్బాలో నవల ఉండేది, వెళ్ళేటప్పుడు నవల మీద నాలుగు రేకులుండేవి. పండక్కి తప్ప పూతరేకులు చుట్టని ఇంట్లో అన్నేసి రేకులు ఏమవుతున్నాయని బాబాయిగారు ఎన్నడూ అడగలేదు. వంటింట్లో ఏం జరుగుతుందో ఆయనకి పట్టేది కాదు. ఆవిడకి దొరికిన స్వేచ్ఛంతా ఆయనకి పట్టని ఆ సందులోనే ఉండేదని నాకు తరవాత తెలిసింది.

ఇంక నా సంగతి. నన్ను రాజోలు వైపు ఇచ్చారు. మా ఆయన గల్ఫ్‌లో కొన్నాళ్ళు పనిచేసి, వచ్చేసి, కొబ్బరికాయల వ్యాపారం పెట్టాడు. మంచివాడనే పేరుంది. తాగడు, చెయ్యి చేసుకోలేదు. బయటికి వెళ్తూ తలుపుకి బయట గొళ్ళెం పెట్టి తాళం వేసుకునేవాడు, అంతే. "దొంగల భయం" అనేవాడు. లోపల నేనున్నానన్న సంగతి ఆ మాటలో ఎక్కడా వినిపించేది కాదు. కొట్టి ఉంటే చెప్పుకోడానికి ఏదో ఒకటి ఉండేది. తాళం సంగతి చెబితే అందరూ "జాగ్రత్తగల మనిషి" అన్నారు. చివరికి అమ్మకి ఒంట్లో బాగాలేదని వచ్చి, ఇంక వెళ్ళలేదు. పాకలో ఓ మూల కూర్చుని, లేచిన రేకుల్ని దొంతర పెడుతుండేదాన్ని.

అప్పుడు నడుస్తున్నది లాంచీ నవల. అట్ట ఊడిపోయి పేరు కనబడదు కనక పాకలో దాన్ని అలాగే పిలిచేవారు. అందులో ఒక పిల్ల ఉంటుంది, అత్తింట్లో ఊపిరాడక ఓ తెల్లవారుజామున సంచీ ఒకటి పట్టుకుని గోదావరి రేవుకొస్తుంది. లాంచీ కోసం చూస్తూ మెట్ల మీద కూర్చుంటుంది. భర్తకి తెలిసి రేవుకి బయల్దేరతాడు. ఆ పిల్ల లాంచీ ఎక్కుతుందా, ఎక్కదా? పాకలో అందరికీ అదే బెంగ. నాకు మరీను. ఎందుకంటే ఆ ఆదివారం మా అత్తింటివైపు పెద్దలు నన్ను తీసుకెళ్ళడానికి వస్తున్నారని కబురొచ్చింది.

"వెళ్ళక చేసేదేవుందే," అనేది అమ్మ. "ఊళ్ళోవాళ్ళ నోళ్ళు మూయించగలమా?" అమ్మని తప్పుపట్టను. భర్త పోయిన మనిషి, రేకుల మీద బతుకుతున్న మనిషి. ఆవిడకి ధైర్యం చెప్పేవాళ్ళే ఎవరూ లేరు, ఆవిడ నాకేం చెబుతుంది!

శనివారం మధ్యాహ్నం పిన్నిగారు ముగింపు చదివారు. భర్త రేవులో దిగి పేరు పెట్టి పిలిచాడు. ఆ పిల్ల లేచి నిలబడింది. అక్కడ పిన్నిగారు కాసేపు ఆగారు. కళ్ళజోడు తీసి తువ్వాలుతో తుడుచుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టాక చదువు మరీ నెమ్మదైంది. "ఆమె వెనక్కి చూడలేదు. పలక మీదుగా నడిచి లాంచీ ఎక్కింది. రేవు దూరమవుతుంటే చేతిలో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అవతలి గట్టున ఎవరూ ఎదురుచూడటం లేదు. ఫర్వాలేదనుకుంది." పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. "అయిపోయింది" అని పుస్తకం మూశారు. ఎవరి కుండ మీదో రేకు మాడిన వాసన వచ్చింది. ఆవేళ పిన్నిగారి వేలు వాక్యం కింద కదల్లేదు, పేజీ అంచు మీదే ఆగి ఉంది. చూశాను గానీ, ఆవిడ ఏడుపు ఆపుకుంటున్నారనుకున్నాను.

ఆదివారం పెద్దలొచ్చి అరుగు మీద కూర్చున్నారు. అమ్మ కాఫీలిచ్చింది. అందులో పెద్దాయన నవ్వుతూనే అడిగాడు.

"ఏవమ్మా, బయల్దేరదావా?"

"నేను రానండి."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఫర్వాలేదనుకున్నాను. నిజానికి ఆ మాట నేను అనుకోలేదు, నవల్లో ఆ పిల్ల అనుకున్న మాట అది.

కొన్ని నెలల తరవాత ప్రకటనలో రేవూ, లాంచీ చూసి ఎవరో మన నవలనే సినిమాగా తీశారని, అది టీవీలో వస్తుందని చెబితే పాకంతా పని ఆపి ఎదురింట్లో చేరింది. పాటలు బాగున్నాయి. రేవు కూడా అచ్చం మన రేవులాగే ఉంది. భర్త వచ్చి పిలిచాడు. ఆ పిల్ల లాంచీ వంక చూసి, సంచీ అతని చేతికిచ్చి, వెనకాలే ఇంటికెళ్ళిపోయింది. ఇద్దరి మీదా పువ్వులు రాలాయి. మావాళ్ళు మండిపడ్డారు. "సినిమావాళ్ళ మొహం మండ, బంగారంలాంటి నవల్ని నాశనం చేసేరు" అని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. ఆ తరవాత ఏ సినిమా బాగాలేకపోయినా పాకలో ఆ తిట్టే పడేది. పిన్నిగారు మాత్రం చీర కొంగు మెలిపెడుతూ కూర్చున్నారు. అమ్మ ఒక్కతే, "నాకైతే సినిమాలోదే బాగుంది" అంది. నాకు జ్వరమొచ్చినా, చేస్తున్న ఉద్యోగం ఊడినా, పండక్కి ఒక్కదాన్నే వచ్చినా అమ్మ అదే మాట అనేది. "సినిమాలోదే నయం."

ఏళ్ళు గడిచాయి. కుట్టుపని చేశాను, బట్టలకొట్లో నిలబడ్డాను, చివరికి అమలాపురంలో ఈ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా కుదురుకున్నాను. లాంచీ ఎక్కాక ఏం జరుగుతుందో ఏ నవలలోనూ రాయరు. ఒంటరిదానికి గది అద్దెకివ్వరని, ప్రతి కాయితం మీదా భర్త పేరు అడుగుతారని, మోకాళ్ళు అరుగుతాయని ఎవరూ చెప్పరు. ఎక్కినందుకు ఏనాడూ విచారించలేదు. అలిసిపోయాను, అంతే. రెండూ ఒకటి కావు.

ఒకసారి ఎవరో హాస్టల్‌కి పాత పుస్తకాల కట్ట ఇచ్చారు. దులుపుతూ ఒకటి తెరిస్తే పిన్నిగారి గొంతు వినిపించింది. అదే లాంచీ నవల, అట్టతో సహా. నిలబడే చివరికి తిప్పాను. భర్త రేవులో దిగాడు. పిలిచాడు. ఆ పిల్ల లేచి, సంచీ అతని చేతికిచ్చి, వెనకాలే ఇంటికెళ్ళిపోయింది. పువ్వులు కూడా రాలాయి. సినిమావాళ్ళు ఒక్క ముక్క మార్చలేదు. మార్చింది పిన్నిగారు.

నాకు కోపమొచ్చింది, దాచుకోను. లేని పేజీని నమ్ముకుని బతుకంతా కట్టుకున్నానా అనిపించింది. సెలవు పెట్టుకుని వెళ్ళాను. అప్పటికి బాబాయిగారు పోయారు. పిన్నిగారికి చూపు బాగా తగ్గింది, పెరటి వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"పిన్నిగారూ, లాంచీ నవల చదివేనండి."

"చివరిదాకానా?"

"ఆయ్."

"అయితే దొరికిపోయేను," అని చిన్నగా నవ్వారు. "ఏం చెయ్యమంటావమ్మా? మర్నాడు నిన్ను తీసుకెళ్ళడానికొస్తున్నారు. పుస్తకమేమో వెనక్కెళ్ళిపొమ్మంటోంది. నువ్వా మూల కూర్చుని నా నోటి వంకే చూస్తున్నావు. నా నోటికి రాలేదు ఆ మాట."

"నేను దాన్ని నమ్మి రానన్నానండి!"

"రానన్నది నువ్వే కదా. నేను పక్కనైనా లేను."

తరవాత నేను అడక్కుండానే చెప్పారు. "నేనోసారి రావులపాలెం బస్టాండు దాకా వెళ్ళేను. సంచీ పట్టుకునే. ఓ బస్సొచ్చింది, వెళ్ళిపోయింది. ఇంకోటొచ్చింది, అదీ వెళ్ళిపోయింది. పాలు పితికే వేళయ్యిందని లేచి ఇంటికొచ్చేసేను. మీ బాబాయిగారికి నేనెళ్ళినట్టే తెలీదు. తిరిగొచ్చేసినోళ్ళం ఊళ్ళో ఇంతమందివున్నాం. కథలో కూడా ఎందుకమ్మా?"

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. "అలిసిపోయేనండి పిన్నిగారూ," అన్నాను. ఆ మాట అమ్మతో అనలేను, అంటే సినిమా గుర్తుచేస్తుంది. ఆవిడ తడుముకుని నా చెయ్యి పట్టుకున్నారు. "నేనూ అలిసిపోయేను. ఎవరి బతుకు బతికి అలిసిపోయేనో తెలీదు. నీకది తెలుసు కదా," అన్నారు. బియ్యం డబ్బాలోంచి తన లాంచీ నవల తీయించి నాకిచ్చారు. "ఇంక నాకు కళ్ళు కనపడవు. నువ్వుంచు."

అదే ఆఖరు చూపు. మళ్ళీ వస్తాననుకుంటూనే ఉన్నాను, పరీక్షలూ, పిల్లల జ్వరాలూ, ఏదో ఒకటి.

పెద్దకర్మ అయిన మర్నాడు పాకలో కుండలు వెలిగించారు. ఎవరిదో పెళ్ళి ఆర్డరు, ఆపడానికి లేదు. గుమ్మం దగ్గర ఎత్తుపీట ఖాళీగా ఉంది. "లాంచీ నవల చివర చదవ్వే, ఆవిడ పేరు చెప్పుకుని విందాం," అని అందరూ అడిగారు. సంచీలోనే ఉంది పుస్తకం, తీసి కూర్చున్నాను. రేవు మెట్లు వచ్చాయి, భర్త వచ్చాడు, పిలిచాడు. పేజీ తిప్పితే ఆవిడ పెట్టిన రేకు ముక్క ఉంది, అంచులు పొడిపొడిగా రాలుతోంది. దాని కింద అచ్చక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. సంచీ అతని చేతికిచ్చింది.

నేను ఆగాను. పాకలో కొత్తగా చేరిన ఒకావిడ, "సినిమాలో లాగా తిరిగెళ్ళిపోదు కదండీ?" అంది భయంగా.

అమ్మ తలెత్తలేదు. గుడ్డ పిండిలో ముంచి, కుండ మీద లాగుతూ, "లేదు," అంది. "పిన్నిగారు చదివినట్టే చదువమ్మా."

ఇన్నేళ్ళూ సినిమాలోదే నయమన్న మా అమ్మ!

కళ్ళు ఒకటి చూస్తుంటే నోటితో ఇంకోటి చదవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నా వేలు కూడా వాక్యం కింద నిలవలేదు, పేజీ అంచుకి వచ్చేసింది. "ఆమె వెనక్కి చూడలేదు," అన్నాను. "పలక మీదుగా నడిచి లాంచీ ఎక్కింది." పక్కన అమ్మ కుండ మీద రేకు లేచింది. అమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. దాని వెనకనుంచి అమ్మ మొహం, మంట వెలుగులో, తడిగా కనిపిస్తోంది.

"ఆయ్," అంది అమ్మ. "చదువు."