రెప్ప వేసిన బల్లి

డిసెంబరు వచ్చిందంటే కొత్తగూడెంలో మా వీధి చివర క్రిస్మస్ నక్షత్రాల కోసం పచ్చి వెదురు చీలుస్తారు. ఆ వాసన తగిలితే చాలు, నా కుడిచేతి చూపుడువేలు దానంతటదే ముడుచుకుంటుంది. వెంటనే సుగుణ టీచర్ గుర్తొస్తారు.

నా చిన్నప్పుడు సారపాకలో మా పక్క క్వార్టర్ ఆమెది. బళ్లో సైన్సు చెప్పేవారు. ఇంటి చుట్టుపక్కల ఏ కొత్త పురుగు కనబడినా పిల్లలందరినీ కేకేసి పిలిచేవారు. "దీని పేరేంది టీచర్?" అని మేం అడిగితే, "పేరు యాడికీ పోదు. అదైతే పోతది. ముందుగాల చూడు" అనేవారు. గోంగూర మడిలో ఏదో మెరిసే పురుగు కనబడిన రోజు పొయ్యి మీది కూర మాడబెట్టుకున్నారు కూడా. మా అమ్మకు ఇదంతా పనీపాటా లేని వ్యవహారం. "అడివంతా ఈమె పెరట్లనే ఉన్నట్టు!" అని నవ్వేది.

ఒక ఏడాది క్రిస్మస్ నక్షత్రం కోసం తెచ్చిన వెదురు ఆమె పెరట్లో కుప్పగా పడి ఉంది. బద్దలు ఏరుతూ అందులో చెయ్యి పెట్టాను. ఏదో చురుక్కున పట్టుకుంది. విదిలిస్తే ఒక బల్లి కిందపడింది. లావు తోక, పసుపు ఒంటి మీద నల్లటి పట్టీలు. అలాంటిదాన్ని మాలో ఎవరూ చూసి ఎరుగరు. వేలి మీద రక్తపు చుక్క. నా కేకకు అమ్మ కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. మా వైపు ఏది కరిచినా దాన్ని చంపి, సంచిలో వేసుకుపోయి డాక్టరుకు చూపించడం ఆనవాయితీ.

"జరుగు టీచరమ్మా! ఇది కరిస్తే నీళ్లు గూడ అడగరంట!"

టీచర్ అప్పటికే దాని మీద ప్లాస్టిక్ బుట్ట బోర్లించారు. "చూపియ్యనీకి చంపుడెందుకక్కా? పాణంతోనే తీస్కపోదాం. జల్దీ ఆటో పిలువు."

ఆటోలో అమ్మ నన్ను అదుముకుని ఏడుస్తోంది. అట్టముక్కతో మూసిన బుట్ట టీచర్ ఒళ్లో ఉంది. చచ్చిపోతున్నానని నిశ్చయించుకున్నాను. "బిడ్డా, ఇటు చూడు. ఏం జేస్తుందో చెప్పు," అన్నారు టీచర్. కళ్లు గట్టిగా మూసుకుంటే గద్దించారు. బుట్ట కన్నాల్లోంచి చూశాను. బల్లి నన్నే చూస్తోంది. చూస్తూ చూస్తూ మెల్లగా కళ్లు మూసి తెరిచింది. గోడ మీది బల్లులకు రెప్పలే ఉండవని అంతకుముందు టీచరే మాకు చూపించారు.

"టీచర్! దీనికి రెప్పలున్నయ్!" అని అరిచాను. చావు సంగతే మరిచిపోయాను. ఒళ్లంతా సంతోషం.

"అవ్? ఇంకేం జేస్తుంది?"

"మూతి నాక్కుంటుంది!"

గోదావరి వంతెన దాటి భద్రాచలం దవాఖానా చేరేదాకా అలా అడుగుతూనే ఉన్నారు.

డాక్టరుకూ అది కొత్తే. గాయం కడిగి, సూది వేసి, సాయంత్రం దాకా కూర్చోబెట్టాడు. నాకేమీ కాలేదు. ఆ బల్లికి విషం లేదని చాలా ఏళ్ల తర్వాత ఫోనులో చదివి తెలుసుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు రాళ్లగుట్ట దగ్గర ఆటో ఆపించింది అమ్మే. "ఇడ్శిపెట్టు టీచరమ్మా. దాని పాణం దానికి తీపి," అంది.

పెద్దయ్యాక ఒకసారి టీచర్‌ని అడిగాను, విషం లేదని మీకు ముందే తెలుసా అని.

"నాకేం తెల్వది బిడ్డా. కాళ్లు చేతులు ఆడలే. నువ్వు దాన్ని జూస్తుంటే నేను నీ ముఖమే జూస్తున్న. పెదాలు నీలం గొడ్తున్నయా, మాట తడబడ్తుందా అని. అందుకే గన్ని మాటలు అడిగిన." సిగ్గుపడుతూ, "మధ్యల ఒక్కసారి రెప్పలు నేను గూడ జూసిన," అన్నారు.

టీచర్ ఇప్పుడు లేరు. మా అమ్మాయి "అమ్మా, కొత్త పురుగొచ్చింది!" అని కేకేస్తే చేతిలో పని వదిలి పరుగెత్తుతాను. ముందు పిల్ల ముఖం చూస్తాను. ఆ తర్వాత ఇద్దరం వంగి దాన్ని చూస్తాం.