రత్తయ్య గారి అయిదు బ్యాటరీల లైటు

రత్తయ్యకు నలభై ఏళ్ళు వచ్చేదాకా ఊళ్ళో ఎవరూ ఆయన పేరుకు ‘గారు’ తగిలించలేదు. ఎకరన్నర మాగాణి, రెండు గేదెలు, సీతారావమ్మ అనే భార్య, ఎవరి మాటకూ ఎదురు చెప్పని స్వభావం. మా ఊరి లెక్కలో వీటిలో దేనికీ ‘గారు’ రాదు. డెబ్బై రెండులో ఆయన బెజవాడ వెళ్ళి అయిదు బ్యాటరీల లైటు కొనుక్కొచ్చాడు. ఆ వారంలోనే ‘గారు’ వచ్చింది.

ఎలా వచ్చిందో చెప్పాలి. మా ఊరు హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి నడిచి వెళ్ళే ఊరు, కాలువకు చిట్టచివరి ఊరు. కాలువకు నీళ్ళు వదిలిన రోజుల్లో పై ఊరివాళ్ళు మా తూముకు గడ్డీ మట్టీ అడ్డం కొట్టడం, మావాళ్ళు పొద్దుగూకగానే పదిమంది కలిసి గట్టెక్కి వెళ్ళి ఆ అడ్డం తీసి రావడం, రెండూ ఆచారాలే. గట్టు సన్నం. పాములు కూడా ఆ దారినే నడుస్తాయి. అందుచేత లైటున్నవాడు ముందు, తక్కినవాళ్ళు ఆస్తిపాస్తులతో నిమిత్తం లేకుండా వెనక. ముప్పై ఎకరాల ప్రెసిడెంటు గారి పాదమైనా రత్తయ్య వెలుగు చూపించిన చోటే పడాలి. తన పాదానికి దారి చూపేవాణ్ణి ‘ఒరేయ్’ అనడం ఆయనకే బాగోలేక కాబోలు, ఒకనాడు “రత్తయ్య గారూ, కాస్త ఇటు కొట్టండి” అన్నారు. సీతారావమ్మ తప్ప ఊరంతా ఆ మాట అందుకుంది.

అప్పట్నుంచి రత్తయ్య గారు తలపాగా చుట్టడం నేర్చారు. దసరాకు కత్తి, నాగలి పక్కన లైటుకూ కుంకుమ బొట్టు పడింది. ఎవరు అడిగినా లైటు ఒక పూటకు ఎరువిచ్చేవారు. షరతు ఒకటే. లైటు ఆయనది, బ్యాటరీలు తీసుకెళ్ళేవాడివి. ఎరువుకొచ్చినవాడు తుండుగుడ్డలో తన బ్యాటరీలు మూటగట్టుకొచ్చేవాడు, తిరిగి ఇచ్చేటప్పుడు వాటిని తీసేసుకుని మరీ ఇచ్చేవాడు. దీన్ని తప్పుబట్టినవాడు లేడు. రత్తయ్య గారి సొంత బ్యాటరీలు నీరసిస్తే మాత్రం డాబా మీద వడియాల పక్కన ఎండలో పెట్టేవారు. ఎండ తగిలితే వాటికి మళ్ళీ కొంత ప్రాణం వస్తుందని జిల్లా అంతటా నమ్మకం. మూడోసారి ఎండినవాటి వెలుగు ఆయన ఒక్కరికే కనిపించేది.

ఇలా ఉండగా, పశువుల ఆసుపత్రి కాంపౌండరు సంజీవరావుకు కైకలూరు బదిలీ అయింది. ఈనే గేదె కోసం తీసుకెళ్ళిన లైటును ఆయన వెళ్ళేరోజున తెచ్చి ఇస్తూ, “బ్యాటరీలు లోపలే ఉంచేశానండి. కొత్తవి. నా గుర్తుగా ఉంచుకోండి” అన్నాడు.

ఆ లైటు చరిత్రలో ఇలాంటి ఔదార్యం అదే మొదలు. రత్తయ్య గారి కళ్ళు చెమర్చాయి. వాడితే గుర్తు కాస్తా అయిపోతుంది. బయటికి తీస్తే మర్యాద కాదు. అందుచేత ఆయన ఏదీ చెయ్యలేదు. వేసవికి కాలువలు కట్టేయగానే లైటును పెళ్ళినాటి ఉత్తరీయంలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచారు.

జూన్ చివర టముకు వేశారు. కాలువకు నీళ్ళు వదులుతున్నారు, ఎల్లుండి సాయంత్రం గట్టెక్కాలి. రత్తయ్య గారు పెట్టె తెరిచారు. ఉత్తరీయానికి పచ్చటి మరక. లైటు వెనక మూత చుట్టూ తెల్లగా ఉప్పు పూసి ఉంది. మీట నొక్కారు. వెలగలేదు. మూత తిప్పారు. తిరగలేదు.

“ఏంటది, సున్నం పట్టిందా?” అంది సీతారావమ్మ. “ఇటివ్వండి, చింతపండు పెట్టి తోముతాను.”

తోమింది. బయట బంగారంలా మెరిసింది. లోపల ఉన్నది అలాగే ఉంది. పక్కింటి హనుమయ్య పరామర్శకు వచ్చి కిరసనాయిల్లో నానబెట్టమన్నాడు. నానబెట్టారు. తరవాత వేణ్ణీళ్ళు పొయ్యమన్నాడు. పోశారు. ఆఖరికి గోనెపట్టా చుట్టి రోకలితో తట్టమన్నాడు.

“నీ లైటైతే తడతావా?” అంది సీతారావమ్మ.

“నాకెక్కడిదమ్మా లైటు? మేమంతా రత్తయ్య గారి వెనక నడిచేవాళ్ళమేగా.”

ఆ ‘గారు’ విని రత్తయ్య గారు రోకలి అందుకున్నారు. మూత ఊడింది. బ్యాటరీలు మాత్రం ఉబ్బి గొట్టాన్ని పట్టుకుని కూర్చున్నాయి.

మర్నాడు పొద్దున్నే బెజవాడ బస్సెక్కారు. గుణదల కొండకు వెళ్ళే దారిలో శౌరయ్య అనే ఆయన గొడుగులు, తాళాలు, లైట్లు బాగుచేస్తాడు. లైటును అటూ ఇటూ తిప్పి, వాసన చూశాడు.

“దీనికి వైద్యం చాలామంది చేసినట్టున్నారే.”

“ఇంట్లోవాళ్ళేనండి.”

“వాడకుండా మూసిపెట్టారా?”

“ఎండాకాలమంతా. ఒక్కసారి కూడా వెలిగించలేదు. కొత్త బ్యాటరీలు.”

శౌరయ్య వడ్రంగి బరమా పెట్టి తొలిచాడు. బ్యాటరీలు నల్లటి ముద్దలుగా రాలాయి. ఒకదాని రేకు ముక్క వెలుగులో పెట్టి చూశాడు. “కొత్తవని ఎవరు చెప్పారోగానీ, ఇవి నాలుగైదు ఎండలు చూసినవండి.”

రత్తయ్య గారు ఎదురుగా ఉన్న గొడుగులను శ్రద్ధగా పరిశీలించారు. కాంపౌండరు గుర్తు అలా గుర్తుగానే మిగలడం ఆయనకు అవసరం.

“లోపల కారిన రసం ఇత్తడి పట్టీని తినేసింది. మీట పని చెయ్యదు” అన్నాడు శౌరయ్య. “డబ్బారేకు ముక్క కత్తిరించి వేశాను. తడితే వెలుగుద్ది. ఎప్పుడు ఆరుద్దో దానిష్టం.”

“రేపు సాయంత్రం ఒక్కపూట నిలబడితే చాలండి.”

“నిలబెట్టడం నా చేతుల్లో లేదండి. కొండ మీద అమ్మకి చెప్పుకోండి, దారే కదా.”

రత్తయ్య గారు కొండెక్కి చెప్పుకున్నారు. దిగి, జీవితంలో మొదటిసారి సొంత డబ్బుతో అయిదు బ్యాటరీలూ ఒక్కసారే కొన్నారు. బస్సులో గతుకు తగిలినప్పుడల్లా సంచీలో లైటు వెలిగి ఆరింది. పక్కనున్నామె జరిగి కూర్చుంది.

మర్నాడు పొద్దుగూకాక అందరూ గట్టు మొదట్లో చేరారు. రత్తయ్య గారు తలపాగా చుట్టి ముందు నిలబడి లైటును అరచేత్తో తట్టారు. మళ్ళీ తట్టారు. తొడకేసి కొట్టారు. పదిమందీ చీకట్లో ఓపిగ్గా విన్నారు.

వెనకనుంచి సన్నటి వెలుగొకటి వచ్చి ఆయన కాళ్ళ మీద పడింది. హనుమయ్య చేతిలో రెండు బ్యాటరీల లైటు.

“నిన్ననే జంక్షన్లో కొన్నాను” అన్నాడు హనుమయ్య, తప్పు చేసినవాడిలా. “నీది బాగవుద్దో అవ్వదోనని.”

ప్రెసిడెంటు గారు అటు తిరిగి, “హనుమయ్య గారూ, నడవండి” అన్నారు. నాలుగడుగులు వేశాక, “రత్తయ్యా, గట్టు జారుద్ది, వెనకాలే రా” అన్నారు. అందులో కోపం లేదు. తిట్టూ కాదు. రత్తయ్య ఇరవయ్యో ముప్పయ్యో ఏళ్ళు అలవాటైన చోటికే, వరస చివరికి, వెళ్ళి నడిచాడు.

తూము దగ్గర ఈసారి గడ్డీ మట్టీ కాదు, తలుపుకు కొయ్యచీల బిగించి ఉంది. కొట్టి ఊడదీయడానికి రాయి దొరకలేదు.

“ఒరేయ్ రత్తయ్యా, నీ లైటిటివ్వు. బరువైందిగా” అన్నాడొకడు.

రత్తయ్య ఇచ్చాడు. ఇవ్వనని చెప్పడానికి మనిషికి ఏదో ఒక హోదా ఉండాలి. వాడు లైటు తిరగేసి చీల మీద ఒక్క దెబ్బ వేశాడు. చీల కదల్లేదు, లైటు భగ్గున వెలిగింది. తూము, నీళ్ళు, అవతలి గట్టు మీది తాటిచెట్లు, పదిమంది మొహాలు, హనుమయ్య లైటు కూడా, ఆ వెలుగులో కనిపించాయి.

“ఆఁ, ఆఁ, రత్తయ్య గారూ, వచ్చి అలాగే పట్టుకోండి” అన్నారు ప్రెసిడెంటు గారు.

రత్తయ్య గారు ముందుకొచ్చి రెండు చేతులతో అందుకున్నారు. ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. చెయ్యి కదిలితే ఆరుతుందని ఆయనకు తెలుసు. దోమ ఒకటి ముక్కు మీద వాలింది. దాన్ని కూడా కూర్చోనిచ్చారు.

చీల ఇంకా ఊడలేదు, లైటు ఆరిపోయింది.

“కొట్టరా రత్తయ్యా, దాన్ని ఇంకోసారి కొట్టు” అన్నారు ప్రెసిడెంటు గారు చీకట్లోంచి.