పేరు పక్కన రాసిన మాట

కరోనా రోజుల్లో రాజోలు నుంచి అమలాపురం వెళ్లే బస్సులో ఒక పెద్దాయన నా పక్కన ఒక సీటు వదిలి కూర్చున్నారు. భుజాన ఎర్ర కండువా, కొబ్బరికాయలు ఒలిచి ఒలిచి నల్లబడిన అరచేతులు. లారీలు రాక ఒలుపు పనులు ఆగిపోయాయట.

"మీరేం చేస్తారమ్మా?"

"ఖాళీగా ఉన్నానండీ. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. ఆపరేషన్లు తగ్గేయని తీసేసేరు."

"లాభం కోసం పెట్టిన ఆస్పత్రి అంతేనమ్మా. ఇక్కడ సర్కారు ఆస్పత్రిలో చూసేవాళ్లు లేక జనం వరండాలో పడున్నారు. పనొచ్చిన మీరేమో ఇంట్లో ఉన్నారు. ఇదేం పద్ధతండీ?"

ఆస్పత్రిలో మనుషుల్ని వేయమని వాళ్ల ఒలుపు కూలీల సంఘం రాసిన అర్జీ సంచిలోంచి తీశారు. కింద సంతకాలకన్నా వేలిముద్రలే ఎక్కువ.

"మీరూ సంతకం పెట్టండి. పేరు పక్కన నర్సు అని రాయండి."

"ఇప్పుడు నర్సుని కాదు కదండీ."

"ఉద్యోగం వాళ్లు తీసేసేరు గానీ అమ్మా, పని మీ దగ్గరే ఉంది కదండీ."

రాయబోతే చెయ్యి వణికింది. ఆయన కాగితం కింద తన అరచెయ్యి ఆనించి, "రోడ్డు బాలేదండీ" అన్నారు.

బస్సు అప్పటికే అమలాపురం స్టాండులో ఆగి ఉంది.