కారు అవతల ముగ్గు

మా సందు చివర కొండ ఉంది. ఇల్లు కొన్నప్పుడు అదే మా అదృష్టం అనుకున్నాం. ఎండాకాలం సాయంత్రాలు గాలి వస్తుంది, వెనకాల ఎవరూ మేడ కట్టి వెలుతురు ఆపరు. ఆదివారాల సంగతి అప్పటికి మాకు తెలియదు.

నర్సీపట్నంలో బలిఘట్టం వైపు ఇళ్ళు అయిపోయి జీడితోటలు మొదలయ్యే చోటు మాది. ఆ తోటల మధ్య నుంచి కొండ మీదికి ఒక పశువుల దారి ఉంది. ఏజెన్సీ ఆడవాళ్ళు చీపుళ్ళు, చింతపండు, అడ్డాకులు నెత్తిన పెట్టుకుని ఆ దారినే సంతకు దిగుతారు. కొన్నేళ్ళ కిందట అది విశాఖపట్నం కుర్రాళ్ళ కంట్లో పడింది. అప్పటి నుంచి ఆదివారం తెల్లారేసరికి కార్ల వెనక సైకిళ్ళు కట్టుకుని దిగిపోవడం మొదలుపెట్టారు. లావుపాటి టైర్ల సైకిళ్ళు, రాళ్ళ మీదా గుంటల్లోనూ తొక్కడానికే చేసినవి. ఇంకొందరు తాళ్ళు, కొక్కేలు భుజాన వేసుకుని వచ్చి పైనున్న నిట్టనిలువు బండ ఎక్కుతారు. చేతులు జారకుండా రాసుకునే తెల్లపొడి వాళ్ళు పట్టుకున్న చోటల్లా అంటుకుపోయి, ఎవరు ఏ దారిన ఎక్కారో మా డాబా మీంచి చూసినా తెలుస్తుంది. ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, తొక్కేవాళ్ళు తొక్కుతారు, మాకేం? కార్లు మాత్రం మా గుమ్మాల ముందు పెట్టేవాళ్ళు.

మా ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం పూట గేటు దగ్గర నిలబడి వాళ్ళ పార్కింగు చూసి నవ్వుకోవడం ఆయనకి కాలక్షేపం. "ఈ సందులో నాను బస్సు తిప్పి సూపిత్తాను. ఈళ్ళకి కారు తిన్నగా ఎట్టడం రాదు," అనేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు. నేను ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. వచ్చేవాళ్ళకి స్కూటీ ఆపుకునే చోటు ఉండేది కాదు. సందులో వాళ్ళందరూ గుమ్మాల ముందు రాళ్ళు, విరిగిన కుండీలు, పాత రుబ్బురోలు అడ్డం పెట్టారు. నేను ఏమీ పెట్టలేదు. నా నోరు చాలని సందంతా అనేది, అది నిజమే.

తోట ఆసామి రోలుగుంట మనిషి. సైకిళ్ళు తొక్కీ తొక్కీ దారి గాడి పడి, వానకి చెట్ల మొదట్లో మట్టి కొట్టుకుపోతోందని ఆ ఏడు ముళ్ళకంచె వేయించాడు. నెత్తిన మోపుతో ఆడమనిషి పట్టేంత సందు వదిలాడు, సైకిలు పట్టదు. అయినా వాళ్ళు రావడం మానలేదు. కంచె చుట్టూ తిరిగి, వాగు దాటి వెళ్ళే పైదారి ఒకటి కనిపెట్టారు.

వినాయక చవితి వెళ్ళిన తరవాత ఒక ఆదివారం, ఒక కుర్రాడు ఒక్కడే వచ్చి కారు సరిగ్గా మా గేటుకు అడ్డంగా పెట్టాడు. నేను చీపురు చేత్తోనే బయటికి వచ్చాను.

"ఏటి బాబూ, ఈ ఇంట్లో మనుసులున్నారా పోనారా? గేటు మూసీసినావు."

అతను నవ్వాడు. "ఇంకెక్కడా చోటు లేదండీ ఆంటీ. సాయంత్రానికి తీసేస్తాను, ఒట్టు."

"సాయంత్రం దాకా మేం గోడ దూకాలేటి?"

మళ్ళీ కారెక్కి, గేటు ఒక రెక్క తెరుచుకునేంత ముందుకు జరిపాడు. చొక్కా విప్పి కారులో హేంగరుకి తగిలించి, రంగు బనీను వేసుకుని, సైకిలు ఎక్కి వెళ్ళిపోయాడు. ముప్ఫై లోపు వయసు. అతన్ని నేను చూడటం అంతే.

మధ్యాహ్నం పెద్ద వాన కొట్టింది. సాయంత్రం కార్లన్నీ ఒక్కొక్కటీ వెళ్ళిపోయాయి. ఇది ఉండిపోయింది. వానకి ఆగిపోయి ఏ కొండ మీది ఊళ్ళోనో పడుకున్నాడేమో అన్నారు మా ఆయన. "రేపు రానీ, సెప్తాను ఆడి పని," అని నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

తెల్లారి కళ్ళాపి చల్లుదామని వస్తే కారు అలాగే ఉంది. గేటుకూ కారుకూ మధ్య మూరెడు చోటు. అక్కడ ముగ్గు వేసినా కనబడదు. కోపంతో బకెట్టు లోపల పెట్టేసి మిషను ముందు కూర్చున్నాను. మా వైపు గుమ్మం ముందు ముగ్గు లేదంటే ఆ ఇంట్లో మనిషి పోయినట్టు. కర్మ అయ్యేదాకా ముగ్గు వేయరు. కొండ దిగి వచ్చిన చీపుళ్ళ ఆవిడ మా గేటు దగ్గర ఆగి, మోపు దించి, గొంతు తగ్గించి అడిగింది.

"ఎవులు పోనారమ్మా?"

"ఎవులూ పోలేదు," అని కసిరాను. మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు.

రాత్రి ఇంటికి చేరలేదని వాళ్ళమ్మ అతని స్నేహితులకి ఫోన్లు చేసిందట. అతను ఎక్కడికి వెళ్ళాడో వాళ్ళే చెప్పారు. మర్నాడు కొండవాళ్ళకి సైకిలు దొరికింది. వాగులో, చాలా దిగువన, రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుని ఉందట. మనిషి దొరకలేదు. ఎన్ని రోజులు వెతికినా, వాగు పోయినంత మేరా వెతికినా దొరకలేదు.

సైకిలు దొరికిన మర్నాటి నుంచి నేను మళ్ళీ ముగ్గు వేయడం మొదలుపెట్టాను. ఆ చీపుళ్ళ ఆవిడ మాట చెవుల్లోంచి పోలేదు. మా ఇంట్లో అందరం బాగానే ఉన్నామని దారినపోయేవాళ్ళకి తెలియాలి కదా. అందుకని కారు దాటి అవతలికి వెళ్ళి, రోడ్డు మీద కళ్ళాపి చల్లి అక్కడ వేశాను. కారు ముగ్గుకి లోపలి వైపు, మా ఇంటి వైపు వచ్చింది. నేను అప్పుడు ఇంకేమీ ఆలోచించలేదు.

వెతకడం ఆపేశాక వాళ్ళమ్మ వచ్చింది. రెండో తాళం తెచ్చింది, బండి నడపడానికి తమ్ముణ్ణి తీసుకొచ్చింది. నా ఈడు మనిషే. నేను మంచినీళ్ళు పట్టుకుని వచ్చేసరికి ముగ్గు వంక చూస్తూ నిలబడి ఉంది.

"ఇది మీరేసారా అండి?"

"నేనేనమ్మా."

"కారు లోపలికొచ్చీలాగ ఏసారు."

నేను కారణం చెప్పబోయి ఊరుకున్నాను. ఆ మొహం చూసి ఎలా చెప్పను?

"రోజూ ఏత్తన్నారా?"

"రోజూనే."

కారు తలుపు తీసింది. హేంగరుకున్న చొక్కా కాలరు రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. తలుపు మళ్ళీ వేసేసి తాళం పెట్టింది. "ఉండనీండి. సాయంత్రానికి తీత్తానన్నాడంట గదా మీతోటి, పోలీసులు సెప్పినారు. ఆడే వచ్చి తీసుకుంటాడు." తమ్ముడు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. శవం దొరక్కపోయినా దర్భలతో బొమ్మ చేసి కర్మ చేసేద్దామని ఆవిడ భర్త అంటున్నాడట. ఈవిడ ఒప్పుకోవడం లేదు. "కర్మ సేసీసినామంటే నా సేత్తో నానే సంపీసినట్టు గదండీ," అంది. వెళ్ళేముందు నా భుజం మీద చెయ్యి వేసి, "మీరు ముగ్గు మాత్రం ఆపకండి," అంది. సరేనన్నాను. దేనికి సరేనంటున్నానో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

మిషను ముందు కూర్చుంటే కిటికీలోంచి నాకు కనిపించేది ఆ కారే. దాని లోపల ముందు అద్దం దగ్గర చిన్న ఎర్రలైటు ఒకటి కొట్టుకునేది. పగలు కనబడదు. దీపాలు పెట్టే వేళకి మొదలైనట్టు ఉండేది. దొంగలు రాకుండా అన్నారు మా ఆయన, బేటరీ ఉన్నన్నాళ్ళు ఉంటుందన్నారు. నేను రోజూ ఆ వేళకి చేతిలో పని ఆపి చూసేదాన్ని. ఒక సాయంత్రం అది లేదు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఇంకొకటి చెప్తే నవ్వుతారేమో. కొండ దిగేటప్పుడు ఆ సైకిళ్ళు తొక్కరు, ఊరికే వదిలేస్తారు. అప్పుడు వెనక చక్రం టికటికమంటూ ఒక చప్పుడు చేస్తుంది. మిట్టమధ్యాహ్నం, సందులో పురుగు లేనప్పుడు, నాకు ఆ చప్పుడు వినిపించేది. మిషను ఆపి, వాకిట్లోకి వచ్చి, కొండ వైపు చూసేదాన్ని. ఎవరూ ఉండేవారు కాదు. మొదట్లో మా ఆయనకి చెప్పలేదు. ఒకరోజు నేను బయటికి వచ్చేసరికి ఆయన అప్పటికే గేటు దగ్గర నిలబడి కొండ వైపే చూస్తున్నారు. ఇద్దరం లోపలికి వచ్చేశాం.

ఎదురింటాయన ఆ నెలలోనే కొత్త కారు కొన్నాడు. తిప్పడానికి చోటు చాలడం లేదని, అనాథ బండిని పోలీసు స్టేషనుకి తోయించేద్దామని సందులో అందరినీ కూడగట్టాడు. "అనాథ బండా? దానికమ్మ ఉంది," అని నేను ఒంటికాలి మీద లేచాను. మా ఆయన ఇంట్లోకి వచ్చాక నవ్వారు. "సందులో కార్లెట్టొద్దని ఊరు మీద పడిపోయినదానివి నువ్వే గదే." అని, తరవాత ఆయనే చేతిపంపు తీసుకుని వెళ్ళి ఆ కారు టైర్లకి గాలి కొట్టి వచ్చారు.

దసరా వచ్చింది. సందులో బళ్ళన్నీ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మా ఆయన ఆ కారు కూడా కడిగారు. డ్రైవరు బుద్ధి, పండగపూట మురికి బండి చూడలేరు. బొట్టు పెట్టి నాలుగు చక్రాల ముందూ నాలుగు నిమ్మకాయలు కూడా పెట్టేశారు. పెట్టాక గుర్తొచ్చింది ఇద్దరికీ. బండి ముందుకు కదిలి వాటిని తొక్కితేనే దిష్టి పోయేది. సందులో బళ్ళన్నీ ఒకదాని తరవాత ఒకటి కదిలి తొక్కుకుంటూ వెళ్ళాయి. ఈ నాలుగూ అలాగే ఉండిపోయాయి. రోజూ పొద్దున్న ముగ్గు వేయడానికి వంగితే కనబడేవి. పసుపు పోయి, గోధుమరంగై, నల్లగా ఎండిపోయాయి. నాకు వాటిని చూస్తే భయం వేసేది. తీసి పారేయడానికి ఇంకా భయం వేసేది.

అతని స్నేహితులు ఒకసారి ఆసామి దగ్గరికి వచ్చారు. కింది దారి తెరిచి ఉంటే మా వాడు వాగు దాటేవాడే కాదు, ఇప్పటికైనా కంచె తీయండి అని బతిమాలారు. ఆసామి హడలిపోయాడు. రేపు ఇంకొకడికి ఏమైనా అయితే కేసు తన మీదికి వస్తుందని, మనిషి పట్టే ఆ కాస్త సందు కూడా మూయించేశాడు. చీపుళ్ళ ఆవిడ ఇప్పుడు అంత చుట్టూ తిరిగి, తారురోడ్డు మీదుగా వస్తోంది. "ఆ బాబు ఎల్లిపోన కాడ్నించి మాకు దారి లేకుండా పోయిందమ్మా," అంది. అని, కారు వైపు చూసి దండం పెట్టింది. నేను ఆవిడ మీద కూడా కేకలు వేశాను. "దండమెట్టకు. ఆడు వొస్తాడు," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక తెలిసింది, ఇన్నాళ్ళూ నేను ముగ్గు వేస్తున్నది మా ఇంటి కోసం కాదని. అతను రావాలని నేనూ కోరుకుంటున్నాను. నేను అరిచిన కుర్రాడు నవ్వుతూ వచ్చి, బండి తీసి, వెళ్ళిపోవాలి.

కార్తీకం సగంలో ఒక పొద్దున్న, నేను ముగ్గు డబ్బా పట్టుకుని తలుపు తీసేసరికి వాళ్ళమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. మొదటి బస్సుకి ఒక్కతే వచ్చిందట. కాఫీ ఇస్తానంటే వద్దంది. నా చేతిలో డబ్బా తీసుకుంది.

"ఈయాల నానేత్తానండి."

కారు దాటి అవతలికి వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు. గేటుకూ కారుకూ మధ్య ఉన్న మూరెడు చోట్లో చీర కుచ్చిళ్ళు దోపుకుని కూర్చుంది. మోచెయ్యి కారుకి తగులుతుంటే సర్దుకుంటూ చిన్న ముగ్గు వేసింది. కారు ఈసారి ముగ్గుకి బయటి వైపు పడింది. ఆవిడ లేచి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది.

"ఏటమ్మా ఇది?" అన్నాను.

"మెకానిక్కుని తీసుకుని మా తమ్ముడొత్తాడండి. బండి తీసీమన్నాను. రేపు కర్మ మొదలెడతన్నాం."

"ఎందుకమ్మా? ఇంకా దొరకలేదు గదా! ఎక్కడో..." నేను ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాను.

"ఆళ్ళ నాన్నకి కల్లోకొత్తన్నాడండి. ఒకపాలి కాదు, మాటిమాటికీ. ఆకలేత్తంది, ఏటైనా ఎట్టండీ అంటన్నాడంట."

పిండం అందని ప్రాణం ఆకలితో తిరుగుతుందంటారు మా వైపు. నేనూ నమ్ముతాను. అయినా, "కల గదమ్మా, కలని పట్టుకుని..." అన్నాను.

"కలే అవ్వొచ్చు. ఆడు బతికుంటే ఆ పాపం నాకు తగలనీండి, పడతాను. నిజంగా ఆకలిగా ఉంటేనో?" అంది. చెయ్యి విడిపించుకుని పైట చెంగుతో తుడుచుకుంది. "సిన్నప్పట్నించీ ఆడు ఆకలికి ఆగలేడండీ."