రాయబారి ఇంట్లో మంట

ఫైరింజన్ జట్టంతా ఆయన్ని బాబాయ్ అంటుంది. మంట కనిపిస్తే తిండీ నిద్రా మరిచిపోయే మనిషి. అలాంటివాడు ఆ మధ్యాహ్నం విదేశీ రాయబారి ఇంటి గేటు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపల కింది అంతస్తు తగలబడుతోంది. రాయబారేమో గేటుకి అడ్డంగా నిలబడి, తన అనుమతి లేనిదే ఇక్కడ ఎవరూ కాలు పెట్టడానికి వీల్లేదంటున్నాడు. చట్టమూ అదే అంటుంది మరి. లోపల పరాయివాళ్ల కంట పడకూడనివి ఏం దాచాడో గానీ, ఆ పెద్దమనిషికి మంటకన్నా వాటి బెంగే ఎక్కువగా ఉంది.

బాబాయ్‌కి ఆ గొంతు కొత్త కాదు. ఆయన పుట్టింది సరిహద్దుకి అవతల, ఈ రాయబారి దేశంలోనే. అక్కడి సర్కారు తనకి ఎదురుతిరిగిన ఊరిని తగలబెట్టించిన రోజున, ఇవతలి నుంచి ఫైరింజన్లు సరిహద్దు వంతెన దాకా పరుగెత్తాయి. ఒకదాన్ని నడిపింది బాబాయే. ఆ ఊళ్లో ఆయన తల్లి ఉంది. వంతెన మీద అడ్డుపడ్డ అప్పటి అధికారి ఈ రాయబారే. "ఇది మా అంతర్గత వ్యవహారం. మధ్యలో మీకేం పని?" అన్నాడు. ఇవతలి పెద్దలు సరేనని తలూపారు. బళ్లు నిండు ట్యాంకులతో వెనక్కి తిరిగాయి. బాబాయ్‌కి తల్లి బూడిద కూడా దక్కలేదు. ఆ కసి ఇన్నేళ్లయినా ఆరలేదు.

అందుకే ఇవాళ ఆయన కళ్లు చల్లబడ్డాయి. తగలబడనీ అనుకున్నాడు.

అంతలో మేడ మీది కిటికీలోంచి వంటమనిషి, ఆయన పుట్టిన ఊరి యాసలోనే, కాపాడమని ఏడ్చింది. బాబాయ్ ఇంకేం ఆలోచించలేదు. రాయబారిని భుజంతో ఒక్క తోపు తోసి, నిచ్చెన వేయించి, ఆమెను చంటిపిల్లలా పొదివి పట్టుకుని కిందికి దించాడు. ఉద్యోగం ఊడగొట్టిస్తానని రాయబారి చిందులు తొక్కాడు.

"మనిషి ప్రాణానికి మీ అనుమతి అక్కర్లేదు సార్," అన్నాడు బాబాయ్. "ఇంటికంటారా, మీరు పిలిస్తేనే వస్తాం."

లోపల ఇంకెవరూ లేరు. చుట్టూ తోటే, పక్కన వేరే ఇళ్లు లేవు. జట్టువాళ్లు పైపు పట్టుకుని ఆయన మొహం వంక చూశారు. ఆగమని సైగ చేశాడు.

మంట పై అంతస్తుకి ఎక్కేసరికి రాయబారి దిగొచ్చాడు. దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, అనుమతి ఇస్తున్నాను, లోపలికి రండి అన్నాడు. ఆ ఒక్క మాట ఆ రోజు వంతెన మీద అని ఉంటే బాబాయ్ తల్లి బతికేది.

"గట్టిగా చెప్పండి సార్," అన్నాడు బాబాయ్. "మా అమ్మకి వినపడాలి."

రాయబారి గొంతు చించుకుని అరిచాడు. అరుస్తుండగానే ఇంటి కప్పు కూలింది. అప్పుడు బాబాయ్ నీళ్లు వదలమన్నాడు.