మామ మొహం ఎక్కిన గుమ్మడికాయ

నా పెళ్లి ఒక బూడిద గుమ్మడికాయ చేతిలో చచ్చి బతికింది. అప్పుడే నవ్వకండి. నవ్వాల్సిన చోటు ఇంకా ముందుంది, అక్కడ ఆపుకోమన్నా ఆపుకోలేరు.

ఫ్లెక్సీలు మా వైపు అప్పుడప్పుడే దిగుతున్న కాలం. నేను ఖమ్మంలో ఫోటోషాప్ నేర్చుకుని, మణుగూరులో ఒక ఫోటో స్టూడియోలో చేరాను. మిగతావాళ్లు పెళ్లికూతురి ఫోటోను తెచ్చి పువ్వు మీద అప్పడంలా అతికించేవాళ్లు. నేనలా కాదు, నాకు వంపు తెలుసు! బిందె మీద బొమ్మ వేస్తే అది బిందె పొట్టతోపాటు ఉబ్బాలి, అంచుల దగ్గర సన్నబడాలి. ఒక పక్క వెలుగు, ఒక పక్క చీకటి, కింద నీడ. అప్పుడే అది నిజం బిందె. ఈ విద్యతో ఎన్ని జంటలను బుడగల మీద, ఆపిల్ పండ్ల మీద చుట్టి పంపానో లెక్కలేదు. ఒక్కరూ వద్దనలేదు. నా కొంప ముంచింది అదే.

మా మేనమామ ఎర్రుపాలెం నుంచి వచ్చి మణుగూరు బజారులో కూరగాయల దుకాణం పెడుతున్నాడు. ఆయన కూతురు సుజాత నాకు మరదలు. మా ఇద్దరికీ ఇష్టమే. మా అమ్మ వెళ్లి అడిగింది కూడా. కానీ మామకు ఒకటే అనుమానం. "ఫోటోలు అతికిచ్చుడు గూడ ఒక పనేనానే అక్కా?" అన్నాడట.

అలాంటి మామ ఒకరోజు తనే స్టూడియోకి వచ్చాడు.

"అల్లుడా, దుకాణం ముంగట ఫ్లెక్సీ కట్టాలె. నీకొచ్చిన విద్యంత చూపియ్యి. మంచిగ కుదిరితే మీ అమ్మ అడిగిన ముచ్చట గూడ తేల్చుదాం."

గబగబా కుర్చీ వేసి, మామ మొహానికి ఒక ఫోటో తీసుకుంటూ అడిగాను. "ఎట్ల కావాలె మామా?"

"నా మొకం కనబడాలె, కూరగాయలు కనబడాలె. బజార్ల పొయ్యేటోడు ఆగి చూడాలె."

ఆ మూడు కోరికలూ నేను తీర్చాను. ఆ విషయంలో నన్నెవరూ వేలెత్తి చూపలేరు.

బుద్ధున్నవాడైతే మామను ఒక పక్క, కూరగాయలను ఒక పక్క పెట్టి ఊరుకుంటాడు. నాకు బుద్ధి లేదు, విద్య ఉంది. మామను కూరగాయ మీదే చుట్టాలనుకున్నాను. టమాటా మీద పెడితే కోపంగా ఉన్నాడు. సొరకాయ మీద పెడితే జబ్బు చేసినట్టున్నాడు. ఇంటి పెద్ద కదా, పెద్ద కాయే న్యాయం అనిపించి బూడిద గుమ్మడికాయను ఎంచుకున్నాను.

కాయను కిటికీలో పెట్టి ఫోటో తీశాను. మామ మొహాన్ని దాని మీద ఉబ్బించాను. మీసాలను ఇటు నుంచి అటు కాయ చుట్టూ తిప్పాను. కాయకున్న బూడిదను బుగ్గలకు రాసి, పైన వెలుగు తళుక్కుమనిపించి, కింద నల్లటి నీడ పరిచాను. ఇదంతా బొమ్మను తెర నిండా పెద్దది చేసుకుని, ఒకసారి ముక్కు, ఒకసారి మీసం చూస్తూ చేశాను తప్ప, మొత్తం బొమ్మ ఎలా ఉందో ఒక్కసారీ చూడలేదు.

"ఎట్లొస్తున్నది బావా?" అని సుజాత ఫోన్ చేసింది.

"మీ నాయిన కాయల కలిసిపోయిండు, ఏది కాయనో ఏది మామనో తెలుస్తలేదు!" అన్నాను గొప్పగా.

దుకాణం తెరిచే రోజు పొద్దున్నే ఖమ్మంలో అచ్చయి బస్సులో చుట్టగా వచ్చిన ఫ్లెక్సీని నేరుగా కర్రలకు కట్టి విప్పాను. బజారంతా ఆగింది.

హారతి పళ్లెంతో బయటికొచ్చిన అత్త తలెత్తి చూసింది. "అయ్యో, దిష్టి గుమ్మడికాయ గింత పెద్దది ఎందుకు తెచ్చిన్రు?" అంది. తర్వాత కళ్లు చికిలించి, "ఓ... గిది మీరేనా?" అంది మామతో.

అప్పుడు చూశాను నేను. ఉబ్బిన గుడ్లు, బొండు ముక్కు, కాయను చుట్టిన మీసాలు! కొత్త ఇళ్ల ముందు వేలాడే రాక్షసుడు సాక్షాత్తూ మా మామే. నేను అద్దిన వెలుగూ నీడా ఆ రాక్షసుణ్ణి ఇంకా నిజం చేశాయి. మేనమామను చేయబోతే దిష్టిబొమ్మ అయింది.

మొదటి బేరానికి వచ్చిన మనిషి వంకాయలు వదిలేసి అడిగాడు. "సేటూ, మేం ఇల్లు కడుతున్నం. గిసొంటిది మాకొకటి చేయిస్తరా? మీసాలు మాత్రం గివే ఉండాలె."

"ఎవడ్రా చేసింది?" అని మామ గర్జించాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. నాకు చేతులే లేవలేదు.

"నీ కండ్లకు నేను గిట్లనే కనబడుతున్ననా?"

"గట్ల గాదు మామా, కాయ నడుమ ఉబ్బుతదిగద, ముక్కు ఆడ పడ్డది."

"చెవులేవిరా?"

"వెనకకు పోయినయ్ మామా. గుండ్రటి దానికి వెనక దిక్కు కనబడదు. అసలు గమ్మత్తు గదే."

"గమ్మత్తా!"

సుజాత చున్నీ నోట్లో కుక్కుకుని తలుపు పక్కన నిలబడి ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నాకు మాత్రం నిజంగానే ఏడుపొచ్చింది. స్టూలెక్కి తాళ్లు విప్పుతూ అన్నాను, "నవ్వులాటకు చెయ్యలే మామా. మీసంల ఒక్క ఎంటిక గూడ ఇడిసిపెట్టలే. గడ్డం కింద మచ్చ గూడ పోనియ్యలే."

మామ గడ్డం తడుముకున్నాడు. "మచ్చ గూడ పెట్టినవా?"

"ఏం మచ్చ?" అంది అత్త.

"చిన్నప్పుడు కోడె పొడిసింది. ఇన్నేండ్ల సంసారం, దీనికి తెల్వనే తెల్వదు!" మామ ఫ్లెక్సీ దగ్గరికి వచ్చి తన మచ్చను చాలాసేపు చూసుకున్నాడు. గొంతు కాస్త మెత్తబడింది. "నా మొకం గింత పట్టి చూసినోడు ఇంకోడు లేడు. దిగు. పిల్లనిస్త."

నేను స్టూలు మీద నుంచి పడబోయాను.

"కానీ లగ్గం ఫోటోలు వేరేటోడు తీస్తడు. నువ్వు కంప్యూటర్ ముట్టినవనుకో, పీటల మీదికెల్లి లేపుత."

ఆ ఫ్లెక్సీని ఇల్లు కట్టే మనిషే బతిమాలి పట్టుకుపోయాడు. ఆ ఇంటికి ఏ దిష్టీ తగల్లేదని మామ ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాడు.

అగ్నిహోత్రం చుట్టూ తిరుగుతూ నేను మనసులో ఇంకో ప్రమాణం కూడా చేశాను: కాయ గానీ, కుండ గానీ, బుడగ గానీ, వంపున్న ఏ వస్తువు మీదా ఈ జన్మలో చుట్టాల మొహం ఎక్కించను. ఈ రోజుకీ మాట తప్పలేదు. పెళ్లాం ఫోటోను కూడా ఉన్నదున్నట్టు, చదునుగా పర్సులో పెట్టుకున్నాను. వెనక జేబులో పెట్టుకుని కూర్చోవడం వల్ల అది కాస్త వంగింది గానీ, అందులో నా తప్పేమీ లేదని ఆమెకు ఇంకా నచ్చజెపుతున్నాను.