కడియాలు కరిగించిన నీళ్లు

మా ఆయన మోటార్లు చుట్టే మనిషి. వైరా చుట్టుపక్కల ఏ రైతు పంపుసెట్టు కాలిపోయినా ఆయన షాపుకే వస్తుంది. కరెంటు ఉన్న ప్రతి సంగతీ తనకు తెలుసని ఆయన ధీమా. గ్లాసు నీళ్లలో రెండు వెండి కడ్డీలు పెట్టి, బ్యాటరీలు తగిలించి, ఆ నీళ్లు వాడితే ఎంత మొండి పుండైనా మానుతుందని ఫోనులో ఏదో వీడియోలో ఎవరో చెప్పగా విన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంటికి శని పట్టింది.

పుండు మా అత్తమ్మది. ఎండాకాలం అడవి అంచున ఉన్న సొంతూరికి పోయి, వద్దంటే వినకుండా బీడీలు చుట్టే తునికాకు తెంపడానికి వెళ్లింది. కాలి బొటనవేలి కింద ముల్లు దిగింది. షుగరు ఉన్న కాలు కదా, నొప్పి తెలియలేదు. మా దగ్గరికి వచ్చేసరికి వేలికి చీము పట్టింది, పాదం ఉబ్బింది. కడియాలు బిగుసుకుపోతుంటే సబ్బు రాసి నేనే తీశాను.

అవి ఆమెకు పుట్టింటివాళ్లు పెట్టిన వెండి కడియాలు. "నా తర్వాత నీకేనే" అని నాతో ఎన్నిసార్లు అన్నదో. కొడుకు అడగ్గానే మాత్రం మారు మాట లేకుండా ఇచ్చేసింది. ఆయన వాటిని రంపపు బ్లేడుతో కోసి, సుత్తితో కొట్టి తిన్నగా చేశాడు.

"కడియం వెండిల రాగి కలుపుతరయ్యా, లేకుంటే వంగిపోతది. కంసాలాయన నా ముందల్నే చెప్పిండు" అన్నాను.

"కరెంటు పని నాకు నేర్పుతున్నవా?" అన్నాడు. నేను మాట్లాడింది వెండి గురించి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అత్తమ్మ మంచం పక్కనే స్టూలు వేసుకుని పని మొదలుపెట్టాడు. కరెంటు సరిగ్గా పారడం లేదని నీళ్లలో చిటికెడు ఉప్పు వేశాడు. ఉప్పు వేయొద్దని ఆ వీడియోలో చెప్పిన మాట నేను కూడా విన్నాను. కాసేపటికి నీళ్లు విరిగిన పాలలా అయ్యాయి, ఒక కడ్డీ చుట్టూ రాగి చిలుములా పచ్చగా తేలింది. "చూసినవా, వెండి ఎట్ల దిగుతుందో" అని మురిసిపోయాడు. ఆ నీళ్లనే తల్లితో తాగించాడు, వాటితోనే పుండు కడిగాడు.

వేలు నల్లబడింది. "వెండి గాలి తగిలితే నల్లబడదా? అది వెండి నలుపే" అన్నాడు. పండక్కి చింతపండు పెట్టి వెండి కుందులు తోముకునే ఇంట్లో ఆ మాటకు ఏం ఎదురు చెప్తాం? కానీ వెండికి వాసన ఉండదు. మా ఇంట్లో అగరొత్తులు వెలిగించినా పోని వాసన ఉంది.

నేను అరిచాను. అన్నం మానేశాను. ఒక పొద్దున ఖమ్మం దవాఖానాకు పోదామని ఆటోను ఇంటి ముందుకు పిలిపించాను. అత్తమ్మ మంచం దిగలేదు. "వాడు చేస్తుండు కదనే. తగ్గుతదిలే" అన్నది. ఆటో అతను చూసి చూసి వెళ్లిపోయాడు. నడవలేని మనిషిని, రానన్న మనిషిని నేనొక్కదాన్ని ఎట్లా ఎత్తుకుపోను? వాకిట్లో కూర్చుని ఏడ్చాను.

చలిజ్వరం వచ్చి మాట తడబడ్డాక ఆయనే భయపడి తల్లిని ఎత్తుకుని ఆటో ఎక్కించాడు. ఖమ్మంలో డాక్టరు కట్టు విప్పి చూసి, "ఇన్ని దినాలు ఏం చేసిండ్రు?" అని అడిగాడు. మా ఆయన నేల చూశాడు. నేను నోరు తెరిచేలోపు అత్తమ్మే అందుకున్నది. "నేనే రానన్న సారూ. పిల్లగాడు మొత్తుకున్నడు."

మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

ఆమెకు కాస్త తెలివి వచ్చాక, ఆయన టీ తేవడానికి పోయినప్పుడు అడిగాను. "ఎందుకట్ల చెప్పినవ్ అత్తమ్మా? ఆ నీళ్లతోని తగ్గుతదని నిజంగనే నమ్మినవా?"

"ఏడ తగ్గుతది. నా కాలు నాకు తెల్వదా."

"మరి?"

"ఆ నీళ్లు అయ్యేదాంక వాడు నా పక్కపొంటి కూసుంటుండె బిడ్డా. చిన్నప్పటి ముచ్చట్లన్ని చెప్తుండె. షాపు పెట్టినంక వాడు నాతోని గంతసేపు ఎన్నడు కూసున్నడు?"

అంతవరకూ కోపమంతా మా ఆయన మీదే ఉండేది. ఇప్పుడు ఎవరిని తిట్టాలో తెలియక దుప్పటి సర్దుతూ ఉండిపోయాను.

ఆయన టీ తెచ్చాడు. అత్తమ్మ కొంచెం పక్కకు జరగబోయి, జరగలేక, మంచం అంచు చేత్తో తట్టి, "కూసో అయ్యా" అన్నది. దుప్పటి కింద కాలు లేని చోటు వైపు ఆయన ఒక్కసారి చూశాడు. టీ నా చేతికిచ్చాడు.

"షాపుకాడ రైతులు ఎదురుచూస్తుండ్రమ్మా" అని వెళ్లిపోయాడు.